పడుకోబెట్టిన బ్రాందీ సీసా

నేను ఒక ఖాళీ సీసాను. ఈ మాట చెప్పుకునే యోగం నాకు ఎనభై అయిదేళ్లకి గాని రాలేదు. నాతోపాటు పుట్టిన సీసాలన్నీ యేడాదికో రెండేళ్లకో ఖాళీ అయిపోయి, కిరసనాయిలు పోసుకునో, పాతసామాన్లవాడి గోనెసంచిలో చేరో, తమ బతుకు తాము వెళ్లబుచ్చాయి. నేను మాత్రం నిండుగా ఉండిపోయాను. నిండుగా ఉండటం ఎంత అలుపో మీకు తెలియదు. బిందెడు నీళ్లు మోసుకుని నాలుగడుగులు వేస్తేనే దించేదాకా ప్రాణం ఒప్పదు మీకు.

మొదటినుంచీ చెబుతాను గాని గబగబా చెబుతాను. ఓపిక లేదు.

నేను పుట్టింది ఫ్రాన్సు దేశంలో ఒక గాజు కొలిమిలో. నాలో పోసిన బ్రాందీ వయసులో నాకంటే చాలా పెద్దది. ద్రాక్షరసం పులియబెట్టి, రెండుసార్లు బట్టీలో కాచి, ఓకు చెక్క పీపాల్లో పోసి, చీకటి గదిలో నలభై యేళ్లు వదిలేశారట. ఆ నలభై యేళ్లలోనూ పీపాలోంచి కొంచెం కొంచెంగా ఆవిరైపోతూ వచ్చింది. అలా పోయినదాన్ని అక్కడివాళ్లు దేవదూతల వాటా అంటారు. ఎటు పోయిందో తెలియనిదాన్ని దేవుడి తరఫువాళ్ల ఖాతాలో వేసెయ్యడం అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది. మిగిలినదాన్ని నాలో పోసి, బిరడా బిగించి, పైన ఎర్ర లక్క కరిగించి పోశారు. పుట్టి వారం కాకుండానే నా కడుపులో ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు.

ఓడలో పుదుచ్చేరికి, అక్కణ్నుంచి మరో ఓడలో యానాంకి వచ్చాను. అప్పట్లో యానాం ఫ్రెంచివాళ్లది. గోదావరి ఒడ్డున చిన్న ఊరు. నన్ను తెప్పించుకున్నది అక్కడి ఆసుపత్రి డాక్టరు. ఆయన్ని ఊరంతా దొరగారనేవారు. మేం మొత్తం ఆరుగురం వచ్చాం. అయిదుగురిని ఆయన పదహారేళ్లలో పూర్తిచేశాడు. ఆరోదాన్ని నేను.

ఆ ఇంట్లో రాయప్ప అనే బట్లరు ఉండేవాడు. కథోలిక్కు మనిషి, నెమ్మదస్తుడు, చుక్క ముట్టి ఎరగడు. రాత్రి దొరగారు తాగి బల్ల మీద వదిలేసిన గ్లాసును పొద్దున్న కడిగేముందు ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. మంచి బ్రాందీ అసలు వాసన ఖాళీ గ్లాసులోనే మిగులుతుందని తెలిసినవాళ్లంటారు. రాయప్పకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టాడు. చెక్క వాసన, పొగాకు వాసన, అన్నీ పోయాక చిట్టచివర ఒక పువ్వు వాసన వచ్చేదట. అది ఏ పువ్వో మాత్రం అతనికి చిక్కలేదు. పదహారేళ్లు ప్రయత్నించి, చిక్కకుండానే గ్లాసు కడిగి బోర్లించేవాడు.

ఫ్రెంచివాళ్లు యానాం వదిలి వెళ్లిన యేడు దొరగారు సామాను సర్దుకుంటూ నన్ను రాయప్ప చేతిలో పెట్టి, వచ్చీరాని తెలుగులో, మంచిరోజు చూసి తాగమన్నాడు. నా కష్టాలన్నీ ఆ మాటతో మొదలయ్యాయి.

రాయప్ప నన్ను దుప్పటిలో చుట్టి టేకు పెట్టెలో పడుకోబెట్టాడు. అతని లెక్క అతనికి ఉంది. దొరగారింట్లో దాచుకునే ద్రాక్షసారా సీసాలన్నీ అలమరలో అడ్డంగా పడుకుని ఉండేవి. ఇవాళో రేపో తాగేవి మాత్రమే బల్ల మీద నిలబడేవి. కాబట్టి ఎక్కువకాలం దాచాల్సిన సీసా ఏదైనా పడుకోవాలి అనుకున్నాడు. ద్రాక్షసారాకి అది మంచిదే. బిరడా తడిగా ఉండి బిగిసి ఉంటుంది. బ్రాందీ అలా కాదు, తాకిన బిరడాని తినేస్తుంది. ఇరవయ్యేళ్లు దొరల దగ్గర పనిచేసిన మనిషికే తెలిసే మర్యాద అది, ఆ మనిషే చేయగల పొరపాటూ అది. అభిమానంతో పడుకోబెట్టాడు కాబట్టి తిట్టలేను. కాని దాదాపు యాభై యేళ్లు నా గొంతులో బిరడా నానింది.

మంచిరోజులు రాకపోలేదు. కొడుకు ఇన్నయ్య పెళ్లికి నన్ను తీద్దామనుకున్నాడు. తీరా చూస్తే వచ్చినవాళ్లు మూడొందల మంది, నాలో ఉన్నది ముప్ఫయి గుక్కలు. ఎవరికి పోసి ఎవరికి మానాలో తేలక పెట్టె మూసేశాడు. మనవడు శౌరిరాజు బాప్తిస్మానికి తీద్దామంటే అది ఈస్టరు ముందు వచ్చే తపస్సు కాలం, మద్యం ముట్టకూడదు. మరోసారి గుడి పండగకి అనుకుంటే వారం ముందు భార్య పోయింది. చివరికి అన్నీ కుదిరిన రోజున డాక్టరు అతని పొట్ట నొక్కి చూసి, మందు వాసన కూడా పనికిరాదన్నాడు. మంచిరోజంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చినప్పుడు వీళ్లు దాన్ని చూసి, ఇంతకంటే మంచిది వస్తుందిలే అని పంపించేస్తారు. రాయప్ప నన్ను తీయకుండానే పోయాడు. పోయేముందు మనవడితో దొరగారి గ్లాసు సంగతి, పేరు తెలియని ఆ పువ్వు సంగతి పదేపదే చెప్పేవాడు.

కొడుకు ఇన్నయ్యది మరో తరహా. ఒక ధ్యాన కూటానికి వెళ్లి, జన్మలో మద్యం ముట్టనని పీఠం ముందు మోకరించి ఒట్టుపెట్టుకొచ్చాడు. తండ్రి దాచిన వస్తువు గనక నన్ను పారేయలేదు. ఒట్టు ఉంది గనక నా మొహం చూడలేదు. అవతల ఆంధ్రాలో మద్యనిషేధం పెట్టిన రోజుల్లో, పన్నెండేళ్లుగా ఉత్తరం ముక్క రాయని చుట్టాలందరికీ యానాం మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. అందులో ఒకాయన పెట్టె వాసన పసిగట్టి, బావా, లోపలేముంది అని అడిగాడు. దొరగారి గుర్రం మోకాళ్లకి రాసే మందు అన్నాడు ఇన్నయ్య. ఒట్టు నిలిచింది, నేనూ నిలిచాను. నన్ను గుర్రం మందన్నందుకు కొన్నాళ్లు బాధపడి, తర్వాత అదీ మానేశాను.

ఇక శౌరిరాజు. తాత చెప్పిన వాసన తలకెక్కి అతను బ్రాందీ కంపెనీలో చేరాడు. మొదట సీసాలు కడిగే చోట, తర్వాత ల్యాబులో, తర్వాత బ్లెండరుగా. రకరకాల సరుకు కలిపి, వాసన చూసి, రుచి చూసి, ఇది బాగుంది, ఇది బాగోలేదు అని చెప్పే పని. తాగే ఉద్యోగమా అని ఇన్నయ్య మంచమెక్కినంత పనిచేశాడు. తాగేది కాదు నాన్నా, ఉమ్మేసేది అన్నాడు కొడుకు. అది నిజమే. ముప్ఫయి అయిదేళ్లలో అతను మింగింది ఒక సీసా కూడా ఉండదు.

ఆ ఉద్యోగానికి పెట్టుబడి ముక్కు. శౌరిరాజు దాన్ని కంటికి రెప్పలా కాపాడుకున్నాడు. కాపాడుకునే భారం మాత్రం భార్య లూర్దమ్మ మీద పడింది. ఆమెది ఎండుచేపల వ్యాపారం, పుట్టింటినుంచి తెచ్చుకున్నది. కళ్లు మూసుకుని వాసన చూసి ఈ నెత్తళ్లు ఇసకలో ఎండాయా, చాప మీద ఎండాయా చెప్పేది. నిజానికి ఆ ఇంట్లో గొప్ప ముక్కు ఆమెదే, కాని దానికి జీతం ఇచ్చే కంపెనీ లేదు. తట్టలు చెల్లెలింట్లో పెట్టుకుని, దొడ్లో స్నానం చేసి గాని ఇంట్లోకి రాకూడదు. అతను ఇంట్లో ఉంటే ఇంగువ పోపు వేయకూడదు. అగరొత్తి వెలిగించకూడదు, పౌడరు రాసుకోకూడదు. పెళ్లయి రెండు వారాలకి, ఆమె జడలో మల్లెపూలు ఉంటే పొద్దున్న ఫ్యాక్టరీలో తనకేమీ తెలియడం లేదని అతను చెప్పడం పెట్టెలోంచి విన్నాను. పడుకున్నవాళ్లకి చెవులే కదా దిక్కు. ఆమె పూలు తీసి దొడ్డి గోడ అవతల పారేసింది. తర్వాత ఆ ఇంట్లోకి పూలు రాలేదు.

ఇన్నయ్య పోయాక శౌరిరాజు పెట్టె తెరిచి నన్ను చూశాడు. అడ్డంగా పడి ఉన్న నన్ను చూసి, నేలమీద పడ్డ మనిషిని లేపినట్టు రెండు చేతులా లేపి నిలబెట్టాడు. లక్క పగిలి ఉంది, లోపలిది భుజం కిందికి దిగింది. తాత తెలియక చేశాడు అని ఒక్కటే మాట అన్నాడు. నన్ను ఇనప బీరువాలో బట్టల పక్కన నిలువుగా పెట్టి, ఉద్యోగం విరమించే రోజున తీద్దామన్నాడు. మళ్లీ ఒక మంచిరోజు! నాకు నవ్వూ రాలేదు.

మొన్న జనవరిలో అతనికి జ్వరం వచ్చింది. పది రోజుల్లో తగ్గింది. తగ్గుతూ ముక్కును తీసుకుపోయింది.

మొదట జలుబు అనుకున్నాడు. రోజూ పొద్దున్న తలుపు వేసుకుని బత్తాయి తొక్క నలిపి వాసన చూసేవాడు, తర్వాత కాఫీ పొడి, తర్వాత కిరసనాయిలు. ఏదీ అందలేదు. ఎవరికీ చెప్పలేదు. ఫ్యాక్టరీలో రంగు చూసి, పక్కనున్నవాళ్ల మొహాలు చూసి, తల ఊపుతూ మూడు నెలలు నెట్టుకొచ్చాడు. దొరికిపోతానని భయపడ్డాడు. దొరకలేదు. అతను ఊ అన్న సరుకు బజారుకి పోయింది, జనం తాగారు, ఒక్కరూ పేరు పెట్టలేదు. అతన్ని ఎక్కువగా కుంగదీసింది అదే అనుకుంటాను. ఇంట్లో మనిషికి పూలు మానిపించి కాపాడిన ముక్కు లేకపోయినా లోకానికి ఏ లోటూ రాలేదు.

పాస్కా, అంటే ఈస్టరు పండగ వెళ్లిన తర్వాత కంపెనీ కొత్త రకం ఒకటి తయారుచేసింది. సోమవారం అతను వాసన చూసి సంతకం పెట్టాలి. ఆ ముందు ఆదివారం, గుడిలో పాటపూజ నుంచి వచ్చి, చొక్కా అయినా మార్చకుండా బీరువా తెరిచి నన్ను బయటికి తీశాడు. నన్ను బల్ల మీద పెట్టుకుని, నాతోనే చెబుతున్నట్టు, నీ వాసన కూడా అందకపోతే రేపు మానేస్తాను అన్నాడు.

చాకుతో లక్క గీకాడు. బిరడా పట్టి లాగితే సగం పైకి వచ్చింది, సగం పొడి అయి లోపల పడింది. రాయప్ప పడుకోబెట్టిన ఫలితం. శౌరిరాజు విసుక్కోలేదు. ఉతికిన చేతిరుమాలు గాజు జగ్గు మీద పరిచి నన్ను నెమ్మదిగా వంచాడు. ఎనభై అయిదేళ్ల తర్వాత నా కడుపులోది బయటి గాలి చూసింది. పొట్టు గుడ్డలో మిగిలింది. మిగతాది మళ్లీ నాలో పోసి, ఒక వేలెడు ఎత్తు మాత్రం సన్నమూతి గ్లాసులో పోశాడు. తీసిన వెంటనే ముక్కు పెట్టకూడదు, ఇంత వయసున్నదానికి కాస్త ఊపిరి పోసుకునే వ్యవధి ఇవ్వాలి. అరగంట ఊరికే కూర్చున్నాడు. అప్పుడు గ్లాసు గడ్డం దగ్గరికి తెచ్చాడు, పెదవి దాకా తెచ్చాడు, ముక్కు లోపలికి పెట్టాడు.

మూడుసార్లు. నాకు మనుషుల మీద జాలి తక్కువ, ఓపిక అంతకంటే తక్కువ. కాని మూడోసారి గ్లాసు దించినప్పుడు అతని మొహం చూసి నాకు నిజంగా జాలేసింది.

వంటింటి వైపు తిరిగి, "లూర్దూ, ఒకసారి ఇలా రా" అని పిలిచాడు.

ఆమె చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. ఇదెలా ఉందో చూడమని గ్లాసు చాపాడు. ఆమె అందుకోలేదు.

"మీకు వాసన రావట్లేదు గదండీ" అంది.

అతను గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "నీకెప్పట్నించి తెలుసు?"

"పిబ్రవరి నించండి. మీరు ఈ కుర్చీలో ఉండగానే ఎండునెత్తళ్లు ఏపేను. ఏటీ అన్లేదు. మర్నాడు ఇంగువ పోపేసేను. అప్పుడూ అన్లేదు."

"మరి అడగలేదేం?"

"మీరే సెప్తారని సూసేను."

అతను పక్కనున్న స్టూలు చూపించాడు. ఆమె కూర్చుంది. నా ముక్కు పోయింది, నువ్వు చూసి చెప్పు అన్నాడు. ఇలాంటివి తనకేం తెలుసునని ఆమె అంటే, తెలిసినవే చెప్పమన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఒక వాసన గురించి అతను భార్యని అడగడం అదే మొదటిసారి. గ్లాసు కాస్త దూరంగా పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, మెల్లగా పీల్చమని నేర్పాడు. ఆమె కళ్లు మూసుకుంది, నెత్తళ్ల తట్ట ముందు కూర్చున్నట్టే.

మొదట మండుతోందంది. తర్వాత, ఎండలో బోర్లించిన పాత పడవ చెక్క అంది. అది పీపా అన్నాడతను. మా నాన్న చుట్టలు దాచుకునే పెట్టె అంది. అతను తల ఊపాడు. నల్లబడిపోయిన మామిడి తాండ్ర అంది. కాసేపు ఆగి, నిలవుండి నూనె వాసన పట్టిన జీడిపప్పు, కాని చెడ్డగా లేదు, బాగుంది అంది. శౌరిరాజు కుర్చీలో ముందుకి జరిగాడు. ఆ ఒక్కదాని కోసమే దీన్ని నలభై యేళ్లు పీపాలో పెడతారే అన్నాడు. ఆమె ఒక్కో మాట చెబుతుంటే అతను అది నిజంగా పీలుస్తున్నట్టే ఊపిరి తీస్తున్నాడు. లోకంలో నన్ను రుచి చూసినవాళ్లు ఎందరుంటారో తెలియదు గాని, ఒకరి ముక్కుతో ఇంకొకరు చూడటం నేనెక్కడా వినలేదు.

"సివర్న ఇంకోటేదో ఉందండి" అంది లూర్దమ్మ.

"పువ్వా?"

ఆమె మళ్లీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఈసారి చాలాసేపు తీయలేదు.

"మల్లెపూలండి. కోసినయ్యి కాదు. రేత్రి జళ్లో పెట్టుకుని పొద్దున్న తీస్తాం సూడండి, అయ్యి."

రాయప్పకి పదహారేళ్లు చిక్కని పువ్వు అది. వాడిన పూలు తీసి పారేసేది ఆడవాళ్లు, ఏ మగవాడి చేతికి వస్తాయి గనక తెలియడానికి!

శౌరిరాజు అడిగాడు. "నువ్వు పూలు పెట్టుకోవు గదే. ఎలా గుర్తుంది?"

"ఆకర్న పారేసినయ్యి గుర్తున్నాయండి. మల్లీ కొత్తయ్యి లేవు గదా, అయ్యే ఉండిపోయేయి."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేదేమో. శౌరిరాజు మొహం తిప్పుకున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యెత్తి, చేతిలో బిరడా పొట్టున్న రుమాలు చూసి ఆగిపోయాడు. ఆమె తన కొంగు అందించింది. తర్వాత ఆ గ్లాసులోది చెరో గుక్క నాలిక మీద పెట్టుకున్నారు. అతనికి వేడి, కొంచెం తీపి తప్ప ఏమీ తెలియలేదు. ఈసారి ఉమ్మలేదు, మింగాడు.

సోమవారం ఫ్యాక్టరీకి వెళ్లి ఉన్నమాట చెప్పేశాడు. మేనేజరు కంగారుపడలేదట. ముక్కుతో పనేముందండీ, మీ సంతకం ఉంటే చాలు, వచ్చి కూర్చోండి అన్నాడట. శౌరిరాజు కలం మూత పెట్టి లేచి వచ్చేశాడు. మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి వచ్చినప్పుడు చేతిలో బాదం ఆకు పొట్లం ఉంది.

లూర్దమ్మ విప్పి చూసింది. రెండు మూరల మల్లెలు.

"వాసన రాని మనిసికి పూలెందుకండీ?"

"నాకు కాదు."

ఆమె యాభై అయిదేళ్ల మనిషి, జుట్టు సగం తెల్లబడింది. కాసేపు పొట్లం చేతిలోనే పట్టుకుని నిలబడి, తర్వాత అద్దం దగ్గరికి వెళ్లి తురుముకుంది.

నన్ను మళ్లీ మంచిరోజు కోసం దాచలేదు. ప్రతి ఆదివారం పూజ అయ్యాక తీసేవారు. ఎండుచేపలమ్మే లూర్దమ్మ స్నేహితురాళ్లు కూడా వచ్చి వంటింటి గడప దగ్గర కూర్చుని, గ్లాసు వాసన చూసి తోచింది చెప్పేవారు. ఒకావిడ కొత్త చీర అంది, ఒకావిడ వాన పడ్డ వల అంది. ఒకావిడ ఇది గుర్రం మందులా ఉందంటే ఇన్నయ్య గుర్తొచ్చి నాకు కూడా నవ్వొచ్చింది. శౌరిరాజు అవన్నీ శ్రద్ధగా విని, ఒక్కోదానికి తల ఊపేవాడు. ఏడు ఆదివారాల్లో అయిపోయాను. ఎనభై అయిదేళ్ల బరువు ఏడు వారాల్లో దిగింది.

ఇప్పుడు కిటికీలో ఉంటున్నాను. పొద్దున్నే లూర్దమ్మ జడలోంచి వాడిన పూలు తీసి, గోడ అవతల పారేయకుండా, ఒక్కొక్కటే తుంచి నాలో వేస్తుంది. కాసేపటికి శౌరిరాజు వచ్చి నన్ను ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ఏమీ రాదు. రాదని తెలిసే పెట్టుకుంటాడు. అప్పుడు నన్ను ఆమెకి అందిస్తాడు.

"ఉందా?"

"ఉందండి."

అతను తల ఊపి నన్ను మళ్లీ కిటికీలో జాగ్రత్తగా నిలబెడతాడు. లోపల ఒలికిపోయేదేమీ లేదు, ఇక పడుకోబెట్టినా ఫర్వాలేదు నాయనా అని చెప్పాలని ఉంటుంది.